గడిలో రాని నవ్వు

పోయిన ఆదివారం మా కామారెడ్డి చర్చిలో నాకు కోపం వచ్చింది. ఈ వయసులో కోపం మంచిది కాదని డాక్టరు చెప్పాడు. మా మనవరాలు రోజూ చెబుతుంది. నాకు మాత్రం అది తప్ప వేరే వ్యాయామం లేదు. జరిగింది చిన్న విషయమే. సంఘ పెద్ద ఒకాయన ప్రార్థన చేస్తున్నాడు. దేశాన్నీ, పాలకులనూ, వానలనూ, పరీక్షలు రాసే పిల్లలనూ వరుసగా దేవుడికి అప్పజెప్పి, గొంతు బాగా పెంచి, "ప్రభువా, ఇప్పుడు నీవే మాట్లాడు" అన్నాడు. సరిగ్గా అప్పుడే మైకు పందిపిల్లను తొక్కినట్టు కీచుమంది. నా వెనక వరసలో ఒక పసిబిడ్డ తల్లి కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. ఆమెన్ అయ్యాక ఆ పెద్దాయన ఆమె వైపు వేలు చూపించి, "దేవుని సన్నిధిలో నవ్వులేమిటి? బయటికి వెళ్లి నవ్వుకోండి" అన్నాడు. నన్నేమీ అనలేదు. తల నెరిసిన వాళ్ల నవ్వు దగ్గులాగా వినిపిస్తుంది కాబోలు. ఆ పిల్ల బిడ్డనెత్తుకుని తల దించుకుని బయటికి పోయింది. నేను కర్ర పట్టుకుని లేచి ఆమె వెనకే పోయాను. ఇంటికొచ్చాక మనవరాలు మాత్ర చేతిలో పెట్టి, "గింత దానికి గంత కోపమేంది అమ్మమ్మా?" అని అడిగింది. గింత దానికి కాదు. ఆ కోపం పోయిన ఆదివారంది కాదు. అది నాకంటే కొద్దిగా చిన్నది, అంతే.

నేను పుట్టింది కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే దారిలో ఒక ఊళ్లో. సరిగ్గా చెప్పాలంటే ఊళ్లో కాదు, ఊరి బయట వాడలో. నైజాం కాలం. ఊరు దొరది. చెరువు కింది పొలాలు దొరవి, ఆ పొలాల్లో వంగే నడుములూ దొరవే. మా వాడలో సగం ఇండ్లు మా తాత కాలంలోనే కిరస్తానంలో కలిశాయి. కలిసినా గడిలో వెట్టి తప్పలేదు. దొర ఉండే ఆ కోటలాంటి ఇంట్లో ఊడ్చడం, దంచడం, నీళ్లు మొయ్యడం మా ఆడవాళ్ల వంతు. కూలి ఉండదు. "ఏసయ్య మన ఆత్మలను తీస్కున్నడు, చేతులు మాత్రం దొర దగ్గర్నే ఉండిపాయె" అనేది మా అవ్వ. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు. మా గుడి మట్టిగోడలది, పైన పెంకులు. వారమంతా అందులో బడి నడిచేది, ఆదివారం ప్రార్థన. ఆ జాగ కూడా దొర నోటి మాట మీద ఇచ్చిందే. నోటి మాట మీద వచ్చింది నోటి మాట మీదనే పోతుందని మా వాడలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అయినా ఊరు మొత్తం మీద మేము గట్టిగా నవ్వగలిగిన చోటు అదొక్కటే. గడి ముందు నుంచి నడిచేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకోవాలి, నవ్వు నోట్లో పట్టుకోవాలి. గుడిలోకి వచ్చాక రెండూ వదిలేయవచ్చు.

అక్కడ నవ్వడంలో మా మేనత్త పేరు మోసింది. మా బాపుకు చెల్లెలు. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోతే అన్న ఇంటికి తిరిగి వచ్చింది. వితంతువు తల వంచుకుని మూలన కూర్చోవాలని ఎవరో చెప్పే ఉంటారు, ఆమె వినిపించుకుని ఉండదు. ఆమె నవ్వు ముందు ముక్కులో మొదలయ్యేది. దాన్ని ఆపడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అప్పుడది భుజాల్లోకి దిగి, అక్కడా ఇమడలేక ఒక్కసారిగా బయటపడేది. దానితో చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ కొట్టుకుపోయేవాళ్లు. ఒక ఏడాది పంట కానుకల పండుగకు అందరూ తెచ్చిన ధాన్యం, సొరకాయలు, కోళ్లు బల్ల ముందు కుప్ప పోశారు. పెద్ద ప్రార్థన మధ్యలో కుప్ప మీది గుమ్మడికాయ ఒకటి కదిలి, మెల్లగా దొర్లుకుంటూ, మగవాళ్ల మధ్య నుంచి దారి చూసుకుని పోయి, కూర్చునే గుర్రు పెడుతున్న సంఘ పెద్ద ఒడిలో ఆగింది. ఆయన ఉలిక్కిపడి, దాన్ని ఎవరో పసిబిడ్డ అనుకుని జోకొట్టాడు. మా అత్త నవ్వు పెంకులకు తగిలింది. అప్పటి అయ్యగారు, అంటే మా పాస్టరు, ముసలాయన. కళ్లు తెరిచి, సంగతి చూసి, ఆమెకంటే ఎక్కువ నవ్వాడు. "నవ్విన నోటితోటి ఆమెన్ అంటె దేవునికి మంచిగ వినబడ్తది" అనేవాడు. ఆ ముసలాయన పోయాక కొత్త అయ్యగారు వచ్చాడు.

కొత్తాయన చెడ్డవాడని అనను. అనాలని ఉంటుంది గానీ అనను. సన్నగా, శుభ్రంగా ఉండేవాడు. మా జ్వరాలకు తన డబ్బాలోంచి మందులిచ్చేవాడు. పెద్ద బడిలో చదివొచ్చినందువల్ల గంజి అడిగినా అచ్చుపుస్తకంలో ఉన్నట్టే అడిగేవాడు. ఆయన భార్యను మేము అమ్మగారు అనేవాళ్లం. నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. నలుగురిలో నోరు విప్పేది కాదు. అయ్యగారికి ఒక్కటే భయం, గుడి జాగ. గడి నుంచి ఎవరు వచ్చినా ఎదురుపోయి నిలబడేవాడు. పాట కాస్త గట్టిగా ఎత్తుకుంటే కిటికీ వైపు చూసేవాడు.

ఆ ఏడు క్రిస్మస్ మధ్యాహ్నం గుడిలో నాటకం. ఏటా ఆడేదే. దూతలు, గొల్లలు, జ్ఞానులు, మధ్యలో హేరోదు రాజు, పసి ఏసును చంపజూసినవాడు. ఏటా హేరోదు వేసే ఆయన కోతలకని బీర్కూర్ దిక్కు పోయి తిరిగి రాలేదు. హేరోదు లేకుండా ఆడదామన్నాడు అయ్యగారు. "రాజు లేకుంటె జ్ఞానులు ఎవర్ని అడుగుతరు? నేనైత తియ్యి" అంది మా అత్త. బాపు రుమాలు తలకు చుట్టి, బొగ్గుతో మీసం దిద్ది, గొంగడి భుజాన వేసుకుని, బోర్లించిన గంప మీద కూర్చుంది. కూర్చోవడంలోనే ఏదో ఉంది. ఒక కాలు ముందుకు చాపింది, ఎవరైనా వచ్చి ఒత్తుతారన్నట్టు. జ్ఞానులు వచ్చి, చుక్క చూసి వచ్చాం, రాజు పుట్టాడట, ఎక్కడ అని అడిగారు. అత్త వాళ్ల మొహం చూడకుండా, ఎదుటి మనిషి గాలి అయినట్టు పక్కకు చూస్తూ, దవడలో పాన్ తిప్పుతూ అంది:

"పుట్టిండా? ఎవర్నడిగి పుట్టిండు? నా ఊర్లె నన్ను అడగకుంట పుట్టుడేంది?"

ఆ గొంతు అందరికీ తెలుసు. ఆ పక్కచూపు అందరికీ తెలుసు. మా ఊళ్లో పెళ్లి చేయాలన్నా, పెంకు మార్చాలన్నా, మేకను అమ్మాలన్నా ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందే. అత్త ఆగలేదు. "గా చుక్క ఎవని పొలం మీద పొడిచింది? నా పొలం మీద పొడిస్తె నాదే. పుట్టినోన్ని రేపు పొద్దుగాల గడికి తోల్కరాండ్రి, వెట్టికి ఒక మనిషి తక్కువున్నడు." అంతే. గుడి కూలిందనుకున్నాను. మగవాళ్లు నేల మీద అరచేతులు కొట్టి నవ్వారు. మా అవ్వ నవ్వి నవ్వి ఏడ్చింది. దూతలు నవ్వారు, మరియమ్మ నవ్వింది. మరుసటి రోజు పని చెప్పిపోదామని వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డ గడి జీతగాడు కూడా నవ్వాడు. అమ్మగారు అలా నవ్వగలదని ఆ రోజే తెలిసింది. అయ్యగారు ఒక్కడే కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. నా జీవితంలో అంత మంది కలిసి అంతగా నవ్వగా నేను మళ్లీ వినలేదు.

కిటికీ దగ్గర నవ్విన జీతగాడే పోయి చెప్పాడు. తెల్లవారి అత్తను రమ్మన్నారు, అయ్యగారిని కూడా. ఆ రోజు గడి వాకిలి ఊడ్చే వంతు మా అవ్వది. ఆమెతో పాటు చెత్త ఎత్తడానికి నేను పోయాను. అందుకే ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. దొర అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఒక కాలు చాపి. పక్కకు చూస్తూనే, "ఏదీ, నిన్న చేసింది ఈడ చెయ్యి. నేను గూడ నవ్వుత" అన్నాడు.

"రాదు దొరా" అంది అత్త.

"నిన్న వచ్చింది గద."

"నిన్న మా గుడిల, మావోళ్ల నడుమ వచ్చింది. ఈడ నవ్వు రాదు."

ఆమె గొంతులో పొగరు లేదు. బావిలో నీళ్లు లేవని చెప్పినట్టు చెప్పింది. కాళ్ల మీద పడి "బాంచెన్" అని ఉంటే, హేరోదు వేషం మళ్లీ కట్టి నాలుగు మాటలు ఆడి ఉంటే, దొర నవ్వి పంపించేవాడేమో. కానీ మా నవ్వును ఆ అరుగు ముందు పరచడం ఆమెకు చేతకాలేదు. దొర అప్పుడు అయ్యగారి వైపు తిరిగాడు. "ఏమయ్యా, మీ ఏసు చెప్పింది గిదేనా?"

అయ్యగారు చేతులు కట్టుకున్నాడు. "పొరపాటు జరిగినది దొరా. ఆమెకు మతి స్థిమితము లేదు. ఆమెకును మా సంఘమునకును ఏ సంబంధమును లేదు."

ఏసును ఎరగనని మూడుసార్లు బొంకడానికి పేతురుకు ఒక రాత్రంతా పట్టింది. మా అయ్యగారికి ఒక్కసారే చాలింది. ఆయన్ను పంపించేశారు. ఆయన వెనక్కి చూడకుండా పోయాడు. అత్తను వాకిట్లో నడుము వంచి నిలబెట్టి, వీపు మీద బండ పెట్టారు. పెట్టి, ఎవరి పనుల్లోకి వాళ్లు పోయారు. మా అవ్వ చేతిలో చీపురుంది. ఆపితే ఆమెకూ బండే. వాకిలి ఒక చివర నుంచి ఊడ్చుకుంటూ, ఊడ్చుకుంటూ, అత్త దగ్గరికి వచ్చి చీపురు ఆపేసింది. అత్త తల ఎత్తలేక కింది నుంచే అంది: "వదినే, నా కాళ్ల కింద గూడ ఊడువు. లేకుంటె మళ్ల నిన్ను తిడ్తరు." మా అవ్వ ఊడ్చింది. ఆమె కళ్లలో నీళ్లు నేల మీద పడి, దుమ్ములో చిన్న చిన్న ఉండలయ్యాయి. వాటినీ ఊడ్చింది. ఆ చీపురు చప్పుడు నాకు ఇప్పటికీ కోపంగానే వినిపిస్తుంది.

సాయంత్రానికి బండ దించారు. బాపు వచ్చి చెల్లెల్ని ఎత్తుకుని తీసుకుపోయాడు. పగలంతా ఎక్కడున్నాడని అడుగుతారేమో. ఇంట్లోనే ఉన్నాడు. ఎద్దులకు గడ్డి వేస్తూ ఉన్నాడట. మంచివాడు, మెత్తనివాడు, ఎవరినీ ఒక మాట అనేవాడు కాదు. ఆ మంచితనం మీద నాకు ఎంత కోపం ఉందో ఆయనకు చివరిదాకా తెలియదు. వాడలో మగవాళ్లందరూ ఆ రోజు ఎద్దులకు గడ్డే వేశారు. ఆ ఎద్దులు పగిలిపోనందుకు ఆశ్చర్యం.

ఆ తరువాతి ఆదివారం అయ్యగారు ప్రసంగంలో, నవ్వు లోకసంబంధమైనదని, ఇకమీదట గుడిలో వినబడకూడదని చెప్పాడు. నాటకాలు బందు. మా అత్త పశ్చాత్తాపపడి సంఘం ముందు ఒప్పుకునేదాకా ఆమెకు ప్రభువు బల్ల లేదన్నాడు. రొట్టె, ద్రాక్షరసం ఆమెకు ముట్టవు. "నవ్వినందుకు పశ్చాత్తాపమా? ఇంక నయం, తుమ్మినందుకు కాదు" అంది అత్త ఇంటికి వచ్చాక. కానీ గుడికి పోవడం మానలేదు. సగం వంగిన నడుముతో నడిచి పోయి, గుమ్మం పక్కన చివరగా కూర్చునేది. ఆ నెలల్లో మా గుడి ఎట్లా ఉండేదో చెప్పలేను. అందరూ ఎవరో చచ్చినట్టు కూర్చునేవాళ్లు. ఒకసారి మేకపిల్ల లోపలికొచ్చి అయ్యగారి ధోవతి అంచు నమలడం మొదలుపెట్టింది. ఒక్కరు నవ్వలేదు. అది కూడా విసుగొచ్చి బయటికి పోయింది.

అయితే రోజూ పొద్దు వంగే వేళకు అమ్మగారు ఆముదం వెచ్చజేసుకుని మా ఇంటికి వచ్చేది. అత్తను బోర్లా పడుకోబెట్టి నడుముకు మర్దన చేసేది. మొదట్లో ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. తరువాత తరువాత లోపల్నుంచి గుసగుసలు, ఆ తరువాత నవ్వు. అత్త "అమ్మో, నవ్వియ్యకు, నడుము గుంజుతది" అంటూ మొత్తుకునేది. వాడలో ఒకరికొకరు చెప్పుకోకుండా ఆడవాళ్లు ఆ వేళకు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఒకరు బియ్యం చెరగడానికి చాట తెచ్చుకునేవాళ్లు, ఒకరు పిల్లకు తల చూడడానికి వచ్చేవాళ్లు. ఒక పాట పాడుకునేవాళ్లు, ఒక ప్రార్థన చేసుకునేవాళ్లు, ఆ వారం గడిలో మింగిన నవ్వులన్నీ అక్కడ కక్కేసేవాళ్లు. గుడి ఎప్పుడు మా ఇంటికి నడిచొచ్చిందో అయ్యగారికి తెలియలేదు.

పునరుత్థాన పండుగ, ఈస్టరు నాడు ప్రభువు బల్ల. అందరూ ఉతికిన బట్టల్లో వచ్చారు. మగవాళ్లు ముందు వెళ్లి మోకరించారు. బాపు కూడా చేతులు చాపాడు. ఆడవాళ్లలో ఎప్పుడూ ముందు లేచేది అమ్మగారు. ఆ రోజు లేవలేదు. అయ్యగారు పళ్లెం పట్టుకుని చూశాడు. "రండి" అన్నాడు. ఆమె కూర్చున్న చోటి నుంచే అంది:

"ఆమెకు లేంది నాకెట్ల వస్తది?"

ఆమె గొంతు గుడిలో వినిపించడం అదే మొదలు. ఆయన మా అవ్వ వైపు చూశాడు. అవ్వ లేచింది, కానీ ముందుకు నడవలేదు. "ఆ దినం నేను ఆమె కాళ్ల కింద ఊడ్చిన అయ్యగారూ. గా చేతులతోటి రొట్టె పట్టుకోను. ముందుగాల ఆమెకియ్యి" అంది. ఆడవాళ్ల వైపు ఒక్కరూ కదల్లేదు. అప్పుడు మగవాళ్ల వరసలో మా బాపు చాపిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. చూసిన వాళ్లు మరికొందరు తీసుకున్నారు. కొందరు తీసుకోలేదు. వాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి, రాయను.

అయ్యగారు పళ్లెం పట్టుకుని మెట్టు దిగి, మనుషుల మధ్య నుంచి గుమ్మం దాకా నడిచి, అత్త ముందు ఆగాడు. అత్త చెయ్యి చాపలేదు. వంగిన నడుముతో మెడ మాత్రం పైకెత్తి అడిగింది:

"ఆ దినం గడిల నేను మీకేం గానన్నవు. ఇయ్యాల ఏమైత?"

ఆయనకు అచ్చుపుస్తకం భాష రాలేదు. మోకాళ్ల మీద కూలబడ్డాడు. "అక్కా... బయమైంది అక్కా. గుడి గుంజుకుంటరని బయమైంది. తప్పయింది, నన్ను మాఫ్ చెయ్యి" అన్నాడు. ఆయనకూ మాలాంటి నోరే ఉందని ఆ రోజు తెలిసింది. ఎక్కడి పల్లెలోనో, ఏ వాడలోనో నేర్చుకున్న నోరు, చదువు కింద దాచి పెట్టుకున్నాడు. అత్త ఆయన్ను కాసేపు అట్లాగే ఉంచింది. తొందరపడలేదు. అది నాకు చాలా నచ్చింది. చివరికి అంది: "గుడి అంటె గోడలనుకున్నవా అయ్యగారూ? గోడలు కాపాడుకున్నవు, మమ్ముల గడిల ఇడిచొచ్చినవు." అని, చెయ్యి చాపింది. ఆయన అందించబోతే రొట్టె ముక్క జారి కింద పడబోయింది. అత్త గాల్లోనే పట్టుకుని, "నిమ్మలంగ, నిమ్మలంగ. నేను వంగలేను" అంది. అమ్మగారు ముందు నవ్వింది. ఆ తరువాత ఇక ఎవరూ ఆపలేదు, ఆగలేదు. మోకాళ్ల మీద ఉన్న అయ్యగారు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ రోజు మేము ప్రభువు బల్ల నవ్వుకుంటూనే తీసుకున్నాం.

గుడి జాగ ఏమైందంటారా? ఏమీ కాలేదు. దొర ఆ సంగతి వారం తిరక్కుండానే మరిచిపోయాడు. రామారెడ్డి దిక్కు చుట్టాలింటికి పోయి, వచ్చి, వేరే ఎవరి మీదనో కోపం తెచ్చుకున్నాడు. నాకు అన్నిటికంటే మంట పుట్టించేది అదే. ఒక మనిషి నడుము జన్మంతా వంగిపోయింది, వంచినవాడికి అది గుర్తు కూడా లేదు. నేను కామారెడ్డిలో మిషను బడిలో చేరినప్పుడు అత్త కూడా నాతో వచ్చి అక్కడి వంటింట్లో పనికి కుదిరింది. ఆడపిల్లల వసతిలో మేము తిన్న అన్నంలో రాళ్లుండేవి, పప్పులో నీళ్లుండేవి. కానీ వంటింట్లోంచి వచ్చే ఆ నవ్వు విని పిల్లలు పళ్లేలు పట్టుకుని పరుగెత్తేవాళ్లు. మిషను దొరసాని ఒకసారి వచ్చి, ఇంత నడుము నొప్పితో ఎట్లా నవ్వుతావని అడిగింది. "నవ్వుకు నడుముతోటి ఏం పనమ్మా? కోపానికే నడుము గావాలె, అది ఈ పిల్లకిచ్చిన" అని నన్ను చూపించింది.

ఆమె పోయి ఎంతో కాలమైంది. ఆమె బండ మోసిన నాటి వయసుకు నేనిప్పుడు రెండింతలు దాటాను. అయినా ఆమెను తలుచుకున్నప్పుడల్లా ఆమె నాకంటే పెద్దదిగానే నడిచి వస్తుంది. కాలం మనకు ఏళ్లు ఇస్తుంది గానీ, పెద్దరికం మాత్రం ఎవరికి ఇవ్వాలో అది ముందే ఇచ్చేసి ఉంటుంది.